డెబ్భై ఎనిమిది పెట్టెల గూడ్సు

బీరువా తలుపు తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. బాబాయి సంవత్సరికం అయిన మర్నాడు. చుట్టాలంతా వెళ్ళిపోయారు. మౌలాలి ఇంట్లో నేనూ పిన్నీ మిగిలాం. "ఆయన బట్టలు ఎవరికైనా ఇచ్చేద్దాంరా. నువ్వున్నప్పుడే ఒకసారి చూసెయ్, నా వల్ల కాదు" అంది పిన్ని.

ఇస్త్రీ చేసి పెట్టిన చొక్కాలు, పెళ్ళిళ్ళకి మాత్రమే తీసే పట్టుపంచె, రిటైరైన రోజున వర్క్‌షాపులో కప్పిన శాలువా. పై సొరుగులో ఒక రెక్సిన్ డబ్బా. తెరిస్తే నల్ల కళ్ళద్దాలు. కుడి కాడ దగ్గర స్క్రూ ఎప్పుడో ఊడిపోతే సన్నటి రాగి తీగ మూడు చుట్లు చుట్టి బిగించాడు. తీగ కొస చెంపకి గుచ్చుకోకుండా లోపలికి మడిచాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఏడేళ్ళు ఫిట్టర్‌గా చేసిన చెయ్యి అది.

ఆ అద్దాలు కొన్న రోజు నాకు బాగా గుర్తు. కోఠీ ఫుట్‌పాత్ మీద, బేరమాడి, నలభై అయిదు రూపాయలకి. ఇద్దరికీ ఒక్కటే. అంతకుముందు ఆదివారం మేం 'మెన్ ఇన్ బ్లాక్' చూశాం.

*

నా చిన్నప్పుడే నాన్న పోయాడు. మాది తెనాలి దగ్గర పల్లె. అమ్మ అక్కడే నానమ్మ దగ్గర ఉండిపోయింది, నన్ను ఆరో తరగతికి బాబాయి సికింద్రాబాద్ తీసుకొచ్చాడు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్. రెండు గదులు, వెనక జామచెట్టు, పొద్దున్నే షాపు సైరన్. మొదటి సైరన్‌కి బాబాయి గడ్డం గీసుకుంటూ ఉండేవాడు, రెండోదానికి సైకిల్ స్టాండు తీసేవాడు. ఆ సైరన్‌ని బట్టే పిన్ని పొయ్యి మీద అన్నం దించేది, పక్కింటి వాళ్ళు గడియారం సరిచేసుకునేవాళ్ళు.

నాన్న గురించి నాకు గుర్తున్నది చాలా తక్కువ. ఊరి గురించి మాత్రం ఒక జ్ఞాపకం గట్టిగా ఉండేది. రైలు గేటు దగ్గర దిమ్మ మీద బాబాయి ఒళ్ళో కూర్చుని గూడ్సు బండి పెట్టెలు లెక్కపెట్టడం. డెబ్భై ఎనిమిది. ఎండ, బొగ్గు దుమ్ము, బాబాయి కొనిచ్చిన జీళ్ళు, చేతికంటిన బెల్లం పాకం. నా చిన్నతనంలో అంతకన్నా మంచి రోజు లేదనుకునేవాణ్ణి. క్వార్టర్స్ పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో. వాళ్ళంతా రైల్వే పిల్లలు, "డెబ్భై ఎనిమిది పెట్టెల గూడ్సు ఎక్కడుందిరా?" అని కొట్టిపారేసేవాళ్ళు. నేను బాబాయి దగ్గరికి పరిగెత్తేవాణ్ణి. ఆయన పేపర్లోంచి తలెత్తి "డెబ్భై ఎనిమిదే. నేను సాక్షిని" అనేవాడు. రైల్వే మనిషి చెప్పాక ఇక తిరుగు లేదు.

*

బాబాయికి ఇంగ్లీష్ సినిమాల అలవాటు షాపులోనే అంటింది. ఆ రోజుల్లో లాలాగూడ, మెట్టుగూడ చుట్టుపక్కల ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. బాబాయి కొత్తగా చేరినప్పుడు ఆయన మీదున్న చార్జ్‌మన్ అలాంటి ఇంటివాడే. ఆదివారం మ్యాట్నీకి కుర్రాళ్ళని వెంటేసుకుని వెళ్ళేవాడట. ఇంగ్లీష్ బొమ్మ అంటే సికింద్రాబాద్‌లో సంగీత్, బషీర్‌బాగ్‌లో స్కైలైన్. ఇప్పుడు సంగీత్ థియేటర్ లేదు. దాన్ని కొట్టేసి చాలా ఏళ్ళయింది. కానీ ఆ చౌరస్తా పేరు మాత్రం ఇంకా సంగీతే. మొన్న కూడా ఆటో అతను "సంగీత్ దగ్గర దిగుతారా?" అని అడిగాడు. నాకు ఒక్కసారిగా గొంతు పట్టేసింది.

'మెన్ ఇన్ బ్లాక్' 1997లో వచ్చింది. భూమ్మీద రహస్యంగా ఉంటున్న గ్రహాంతరవాసుల్ని అదుపులో పెట్టే నల్ల సూట్ల ఏజెంట్ల కథ. పాత ఏజెంట్ కె గా టామీ లీ జోన్స్, కొత్తగా చేరే జె గా విల్ స్మిత్. అప్పటికి నేను ఇంజనీరింగ్‌లో ఉన్నాను. బాబాయి జీతం రోజు తర్వాతి ఆదివారం ఇద్దరం వెళ్ళాం. ఏసీ చల్లదనంలో ఫినాయిల్, తడిసిన రెక్సిన్ సీట్లు, ఇంటర్వెల్ సమోసా కలిసిన ఒక వాసన ఉండేది. ఇప్పటి మల్టీప్లెక్స్‌లో పాప్‌కార్న్ వాసన తప్ప ఏమీ రాదు. తెర మీద అక్షరాలు పడే రోజులు కావు. నటుల మాట అర్థమైతే అయినట్టు, లేకపోతే లేదు. ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్ళు ముందు నవ్వేవాళ్ళు. ఆ నవ్వు వినపడ్డాక అర క్షణానికి మా వరస నవ్వేది. ఆ రోజు మాత్రం అందరం ఒక్కసారే నవ్వాం. ఆ సినిమా గొప్పతనం అదేనని ఇప్పటికీ అంటాను. దర్శకుడు బారీ సోనెన్‌ఫెల్డ్ నవ్వుని మాటలకి వదిలేయలేదు. మొహాల్లో పెట్టాడు, వస్తువుల్లో పెట్టాడు.

ఉద్యోగం పరీక్ష సీన్ ఉంది. కొందరు కుర్రాళ్ళు కోడిగుడ్డు లాంటి కుర్చీల్లో కూర్చుని, కింద ఆనించుకోవడానికి ఏమీ లేక, కాగితం చింపుకుంటూ, పెన్సిల్ విరగ్గొట్టుకుంటూ నానా తంటాలు పడుతుంటారు. విల్ స్మిత్ లేచి గది మధ్యలో ఉన్న ఇనుప బల్లని పట్టుకుని కర్రుమని ఈడ్చుకుంటూ తన కుర్చీ దగ్గరికి తెచ్చుకుంటాడు. ఆ చప్పుడు ఆగదు. అందరూ చూస్తుంటారు. బాబాయి సీట్లోంచి లేచినంత పని చేశాడు. "అదీ బుర్రంటే! పనివాడి బుర్ర!" అన్నాడు గట్టిగా. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు, చూసి ఆయనా నవ్వాడు.

టామీ లీ జోన్స్ మొహం బాబాయికి తెగ నచ్చింది. ఎంత వింత జీవి ఎదురొచ్చినా కనురెప్ప కదలదు. "మా పాత చార్జ్‌మన్ ఇలాగే ఉండేవాడురా. బాయిలర్ పేలినా టీ పూర్తి చేసేవాడు" అన్నాడు. రైతు చర్మం తొడుక్కున్న పురుగు చక్కెర నీళ్ళు అడిగే సీన్‌లో నాకు ఒళ్ళు జలదరించింది, బాబాయి పడీపడీ నవ్వాడు. ఆ మేకప్, ఆ వింత ప్రాణుల్లో చాలావరకు రిక్ బేకర్ చేసినవి. ఆ సినిమాకి ఆయనకి ఆస్కార్ వచ్చింది.

చివర్లో కెమెరా న్యూయార్క్ మీంచి పైకి లేస్తుంది. భూమి, గ్రహాలు, నక్షత్రాలు అన్నీ దాటి ఇంకా వెనక్కి వెళ్ళి, చివరికి మన గెలాక్సీ మొత్తం ఒక గోళీ లోపల ఉంటుంది. ఏదో జీవి ఆ గోళీతో ఆడుకుని సంచిలో వేసుకుంటుంది. బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డాక బాబాయి అన్నాడు. "యశోదకి కృష్ణుడి నోట్లో కనపడింది. వీళ్ళకి గోళీలో కనపడింది. అంతే తేడా." బస్సు వచ్చేదాకా అదే మాట్లాడాడు. ఆ తర్వాత వారం కోఠీ వెళ్ళి అద్దాలు కొన్నాం.

ఆ సినిమాలో అందరికీ గుర్తుండేది వాళ్ళ చేతిలోని వెండి గొట్టం. దాన్ని చూస్తుండగా అది మెరిస్తే అప్పటిదాకా చూసింది మరిచిపోతారు. నల్ల అద్దాలు పెట్టుకున్నవాళ్ళకి మాత్రం ఏమీ కాదు. మా ఇంట్లో ఆ గొట్టం మూడు సెల్లుల ఎవరెడీ టార్చి. పిన్ని పాలు పొంగించేస్తే బాబాయి అద్దాలు పెట్టుకుని టార్చి వెలిగించేవాడు. పిన్ని గరిటె ఎత్తేది.

సెకండియర్ మ్యాథ్స్ పేపర్ పోయిన రోజు నేను రాత్రి దాకా ఇంటికి వెళ్ళలేదు. మెట్టుగూడ బ్రిడ్జి మీద నిలబడి ఉన్నాను. ఊళ్ళో అమ్మకి ఏం చెప్పాలన్న టెన్షన్. తొమ్మిదింటికి సైకిల్ మీద బాబాయి వచ్చాడు. ఏమీ అడగలేదు. ఆ చీకట్లో జేబులోంచి నల్ల అద్దాలు తీసి పెట్టుకున్నాడు. నా మొహం మీదకి టార్చి వేసి ఆర్పేశాడు. "ఇప్పుడు చెప్పు. ఏం జరిగింది?"

నేను మాట్లాడలేదు.

"ఏమీ జరగలేదు. నవంబర్‌లో రాస్తున్నావ్. వెనక ఎక్కు, అన్నం చల్లారిపోతోంది."

నవంబర్‌లో రాశాను. పాసయ్యాను.

*

రెండో భాగం 2002లో వచ్చింది. అప్పటికి అమీర్‌పేట కోర్సులు, వీసా, విమానం అన్నీ అయిపోయి నేను న్యూజెర్సీలో ఉన్నాను. ఉద్యోగం పోయి ఆరు వారాలు. ఒకే ఫ్లాట్‌లో అయిదుగురం, అందులో ముగ్గురికి ప్రాజెక్టు లేదు. ఒక మధ్యాహ్నం ఒక్కణ్ణే వెళ్ళి చూశాను. హాల్లో పట్టుమని పదిమంది లేరు.

మొదటిదానికి నకలులా అనిపించింది. అవే జోకులు ఇంకాస్త గట్టిగా చెప్పారు. కానీ ఒక విషయం నన్ను పట్టుకుంది. ఆ సినిమా క్లైమాక్స్ మొదట వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గర అనుకున్నారు. 2001 సెప్టెంబర్ 11 తర్వాత దాన్ని మార్చి లిబర్టీ విగ్రహం దగ్గర పెట్టారు. చివర్లో విగ్రహం చేతిలోని కాగడాయే పెద్ద గొట్టంలా మెరిసి నగరమంతటికీ చూసింది మరిపిస్తుంది. అప్పటికి ఆ ఊరి గాయం పచ్చిగానే ఉంది, మా కాలనీలో కూడా ఇంటి ముందు పోయినవాళ్ళ ఫోటోలు అంటించి ఉండేవి. ఆ కాగడా మెరిసినప్పుడు హాల్లో ఎవరూ నవ్వలేదు. నాకు మెట్టుగూడ బ్రిడ్జి మీద టార్చి గుర్తొచ్చింది.

ఆ రాత్రి ఫోన్ కార్డు గీకి నంబర్లన్నీ నొక్కి బాబాయికి చేశాను. ఉద్యోగం సంగతి చెప్పలేదు. సినిమా సంగతి చెప్పాను. కొన్ని నెలల తర్వాత ఆయన సీడీ అద్దెకి తెచ్చుకుని చూసి అభిప్రాయం చెప్పాడు. "కుక్క ఎక్కువైందిరా." నిజమే. మొదటి దాంట్లో రెండు నిమిషాలు కనపడిన మాట్లాడే కుక్కకి ఇందులో సూటు వేసి ఏజెంట్‌ని చేశారు. అంతకన్నా సరైన సమీక్ష నేనెక్కడా చదవలేదు.

ఆ రోజుల్లో ఆదివారాలు క్వీన్స్‌లోని ఫ్లషింగ్ గణేశ్ గుడికి వెళ్ళేవాళ్ళం. కింద క్యాంటీన్‌లో దోసె తింటే ప్రాణం లేచొచ్చేది. ఒకసారి దోసె తిని నడుచుకుంటూ ఫ్లషింగ్ మెడోస్ పార్కులోకి వెళ్ళాను. ఎదురుగా ఆ గోపురాలు! మొదటి సినిమా చివర్లో ఎగిరే పళ్ళేలుగా చూపించినవి. 1964 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన న్యూయార్క్ స్టేట్ పెవిలియన్ స్తంభాలు, పైన గుండ్రటి అంతస్తులు, తుప్పు పట్టి, ఎవరూ ఎక్కనివ్వక. పక్కనే స్టీలు భూగోళం, నూట నలభై అడుగులు. సినిమాలో ఆ పళ్ళెం దాన్ని గుద్దుకుంటూ పడుతుంది. అక్కడే పోతున్న ఒకాయన్ని బతిమాలి ఫోటో తీయించుకున్నాను. బాబాయికి పోస్టులో పంపాను. వెనక రాసింది ఒకటే వాక్యం: "పళ్ళేలు ఇంకా ఇక్కడే ఉన్నాయి బాబాయ్." అది క్వార్టర్స్‌లో టీవీ పైన చాలా ఏళ్ళు ఉంది.

*

మూడోది వస్తుందని ఎవరూ అనుకోలేదు. పదేళ్ళు గడిచాయి. విల్ స్మిత్ కణతల దగ్గర నెరిసింది, టామీ లీ జోన్స్ మొహం మీద ముడతలు కాలవల్లా దిగాయి. 2010 చివర్లో కథ పూర్తిగా రాసుకోకుండానే షూటింగ్ మొదలుపెట్టి, కొన్నాళ్ళు ఆపేసి మళ్ళీ మొదలుపెట్టారని చదివినప్పుడు ఆశ వదులుకున్నాను. 2012 మేలో రిలీజ్. సరిగ్గా అప్పుడే నేను సెలవు మీద ఇంటికొచ్చాను.

ఎండ నిప్పులు చెరుగుతోంది. బాబాయిని కారులో మల్టీప్లెక్స్‌కి తీసుకెళ్ళాను. త్రీడీ కావడంతో గుమ్మం దగ్గర నల్ల అద్దాలు చేతికిచ్చారు. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈసారి వాళ్ళే ఇస్తున్నారే. మనవి ఇంట్లో ఉన్నాయిగా" అన్నాడు. చత్వారం అద్దాల మీద వాటిని పెట్టుకుని, జారకుండా ఒక వేలితో పట్టుకుని సినిమా అంతా చూశాడు.

చాలా ఏళ్ళకి వచ్చే సీక్వెల్ ఎలా ఉండాలో ఆ సినిమా చూసి నేర్చుకోవచ్చు. పాత జోకులు తవ్వి తీయలేదు. పాత మనుషుల్లోపల ఏముందో తవ్వింది. ఖైదీ ఒకడు చంద్రుడి మీది జైలు నుంచి తప్పించుకుని, కాలంలో వెనక్కి వెళ్ళి కె ని చంపేస్తాడు. మర్నాడు అందరూ కె నలభై ఏళ్ళ కిందటే చనిపోయాడంటారు. నిన్నటిదాకా అతను ఉన్నట్టు జె ఒక్కడికే గుర్తుంటుంది. జె క్రైస్లర్ బిల్డింగ్ మీంచి దూకి 1969కి వెళతాడు. అక్కడ కుర్ర కె గా జోష్ బ్రోలిన్. టామీ లీ జోన్స్ గొంతు, ఆ నడక, ఆ విరుపు అన్నీ దించేశాడు. బాబాయి మొదటి డైలాగుకే తొడ చరిచి "వీడి కొడుకారా?" అని అడిగాడు. అప్పటి వింత జీవుల్ని రిక్ బేకర్ అరవైల సినిమాల పద్ధతిలోనే చేశాడు. బయటికి పొడుచుకొచ్చిన మెదళ్ళు, గాజు బుడగ టోపీలు. బాబాయి నవ్వి నవ్వి దగ్గాడు.

క్లైమాక్స్ అపోలో 11 రాకెట్ దగ్గర. ఆ జులైలో బాబాయికి పద్నాలుగేళ్ళు. పంచాయితీ రేడియో చుట్టూ ఊరంతా కూర్చుని విన్నారని, పక్కన మా నాన్న కూడా ఉన్నాడని నాకు చీకట్లోనే చెప్పాడు. అన్నదమ్ములిద్దరూ ఆ రాత్రి చంద్రుణ్ణి చూస్తూ చాలాసేపు మేడ మీదే ఉండిపోయారట. నాన్న గురించి ఆ సంగతి నాకు అంతవరకు తెలియదు.

తర్వాత వచ్చే సీన్ చూడనివాళ్ళ కోసం దాయాలని లేదు. ఆ ప్రయోగం రోజున సముద్రం ఒడ్డున ఒక సైనికాధికారి వాళ్ళకి సాయం చేసి, ఆ ఖైదీ చేతిలో చనిపోతాడు. కాసేపటికి జీపులోంచి చిన్న పిల్లాడొకడు దిగి నాన్న ఎక్కడని అడుగుతాడు. చేతిలో జేబు గడియారం. దూరం నుంచి చూస్తున్న జె కి అప్పుడు అర్థమవుతుంది, ఆ పిల్లాడు తనే. చనిపోయినవాడు తన నాన్న. కుర్ర కె మోకాళ్ళ మీద కూర్చుని, మీ నాన్న హీరో అని ఒక్క మాట చెప్పి, వెండి గొట్టం మెరిపించి, పిల్లాడి చెయ్యి పట్టుకుని నడిపించుకుపోతాడు. నాన్న వదిలేసి పోయాడనుకుంటూనే పెరిగాడు జె. కె కి మొదటినుంచీ తెలుసు. ఎప్పుడూ చెప్పలేదు.

లైట్లు వెలిగాయి. జనం లేచి వెళ్ళిపోతున్నారు. బాబాయి లేవలేదు. ఆ నల్ల అద్దాలు తీయలేదు.

*

దార్లో ఇరానీ హోటల్ దగ్గర ఆగాం. రెండు టీ, నాలుగు ఉస్మానియా బిస్కెట్లు. బాబాయి సాసర్‌లో టీ పోసుకుని ఊదుకుంటూ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత టేబుల్ మీద తడి మరకని వేలితో తుడుస్తూ మొదలుపెట్టాడు.

"ఆ గూడ్సుకి డెబ్భై ఎనిమిది పెట్టెలు లేవురా."

నేను తలెత్తి చూశాను.

"అవి రెండు బళ్ళు. మొదటిదానికి నలభై రెండు. అది వెళ్ళిపోయింది, నువ్వు ఇంటికి పోదామన్నావు. అప్పటికి మీ నాన్నని చేలోంచి ఇంకా తీసుకురాలేదు. పాము కరిచింది. బండి అయిపోలేదురా, మిగతా పెట్టెలు వెనకాల వస్తున్నాయి, అవి కూడా లెక్కపెట్టాలి అన్నాను. నలభై రెండు దగ్గర ఆపుకుని కూర్చున్నావు. జీళ్ళు కొనిచ్చాను. రెండో బండి రావడానికి రెండు గంటలు పట్టింది. నలభై మూడు దగ్గర మొదలుపెట్టి డెబ్భై ఎనిమిది దాకా చెప్పావు. ఒక్క పెట్టె కూడా తప్పలేదు."

సాసర్ ఎత్తి టీ తాగాడు.

"నీకు మంచి రోజుగా గుర్తుండిపోయింది. ఉండనీలే అనుకున్నాను. ఇవాళ ఆ పిల్లాణ్ణి చూశాక ఆగలేకపోయాను."

నేనేమన్నానో నాకు గుర్తు లేదు. ఆయన చెయ్యి పట్టుకున్నానని మాత్రం తెలుసు. నూనె, గ్రీజు ఇంకిపోయి, గోళ్ళ అంచులు ఎప్పటికీ నల్లగానే ఉండే చెయ్యి. అప్పుడాయనకి ఇరవై ఏడేళ్ళు. అక్కడ అన్న పోయాడు, ఇక్కడ గేటు దగ్గర ఎండలో నన్ను ఒళ్ళో పెట్టుకుని పెట్టెలు లెక్కపెట్టించాడు. ఎప్పుడు ఏడ్చి ఉంటాడు? అడగాలనుకున్నాను, అడగలేకపోయాను. ఆ తర్వాత పన్నెండేళ్ళలో కూడా అడగలేదు.

*

అద్దాలు నేను తీసుకుంటానని పిన్నికి చెప్పాను. "తీసుకోరా, నీవే కదా సగం" అంది. పెట్టుకుని చూశాను. రాగి తీగ చెంపకి చల్లగా తగిలింది, గుచ్చుకోలేదు.

రాత్రి భోజనాలయ్యాక మేడ మీదికి వెళ్ళాను. మౌలాలిలో గూడ్సు బళ్ళకి కొదవ లేదు. దూరంగా కూత వినిపించింది, తర్వాత ఇంజన్ లైటు. దిమ్మలాంటి పిట్టగోడ మీద కూర్చుని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. చివరి గార్డు పెట్టె ఎర్ర దీపం మలుపు తిరిగి కనపడకుండా పోయింది. పిన్ని కింద వరండాలోంచి తల పైకెత్తి అడిగింది.

"ఎన్నొచ్చాయిరా?"

"మొదటి బండికి యాభై తొమ్మిది పిన్నీ" అన్నాను. ఇంకా కిందికి దిగలేదు.